చిత్రకి నేర్పిన భయం

“చేపల నీళ్ళు కారి రోడ్డంతా జారుడుగా ఉంటుంది. వీడా, బండి నెమ్మదిగా నడిపే రకం కాదు. కుక్క అడ్డమొస్తుంది, బ్రేకేస్తాడు, పడతాడు. తలకే తగుల్తుంది, చూస్తూ ఉండండి” అంది నాగేంద్రమ్మ గుమ్మంలో నిలబడి.

అప్పటికింకా ఏమీ జరగలేదు. కొడుకు రత్నాకర్ పెరట్లో పళ్ళు తోముకుంటున్నాడు. బండి తాళం మేకుకే ఉంది. వీధిలో ఒక్క కుక్కా లేదు.

భర్త వీరభద్రం పేపర్లోంచి తల ఎత్తలేదు. “అదేం రంగు కుక్కో కూడా చెప్పు. వెళ్ళి ముందే కట్టేసొస్తాను” అన్నాడు.

వాళ్ళది కైకలూరు. ఊళ్ళో సగం మంది చేపలు పెంచేవాళ్ళు, మిగతా సగం ఆ చేపల్ని ఐసులో పెట్టి లారీలకెక్కించేవాళ్ళు. వీరభద్రం ఐసు దిమ్మలు పొడి చేసే మిషన్లు బాగుచేస్తాడు. రత్నాకర్ సత్తిరాజుగారి చేపల షెడ్డులో లోడింగు చూసుకుంటాడు. చెరువు పట్టిన రోజున చేప వచ్చేసరికి ఐసు ఉండాలి, లారీ ఉండాలి, డ్రైవరు ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా మాటపడేది రత్నాకరే. పెద్దది సుహాసిని బెజవాడలో ఇంజనీరు. వ్యాపారాలకి సహాయకుల్ని తయారుచేసే చిన్న కంపెనీలో పని. సహాయకులంటే మనుషులు కాదు, కంప్యూటర్లో ఉండే గొంతులు. ఫోనెత్తి మాట్లాడతాయి, పనులు పురమాయిస్తాయి, ఎవరెక్కడున్నారో కనిపెట్టుకుని ఉంటాయి.

నాగేంద్రమ్మ ఏడో తరగతి దాకా చదివింది. పేపర్లో ప్రమాదాల వార్తలు ముందు చదువుతుంది, మిగతావి తీరికుంటే. పిల్లలు బడికెళ్ళే రోజుల్లో వానపడితే కరెంటు తీగ తెగి మీద పడుతుందనీ, వానపడకపోతే వడదెబ్బ తగుల్తుందనీ ఆమె బాధ. సుహాసిని ఫోను ఎత్తకపోతే, ఆ ఎత్తని కాసేపట్లోనే ఆస్పత్రీ, పోలీసులూ, ఎవరెవరికి కబురుపెట్టాలన్నదీ అన్నీ మనసులో అయిపోయేవి. అన్నీ అయ్యాక పిల్ల ఫోను చేసి, తలంటుకుంటున్నానమ్మా అనేది. ఆమె భయపడ్డవేవీ ఏనాడూ జరగలేదు. అందుకని ఇంట్లోవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను భయపడబట్టే జరగలేదని ఆమె లోపల అనుకునేది. పైకి అంటే ఇంకా నవ్వుతారని అనేది కాదు.

సత్తిరాజుగారి షెడ్డుకి చిత్రని తెచ్చిపెట్టింది సుహాసినే. చిత్ర అంటే ఆ కంపెనీ తయారుచేసిన సహాయకికి పెట్టిన పేరు. చెరువు రైతుల ఫోన్లు తనే ఎత్తేది. ఐసు ఫ్యాక్టరీకి తనే చెప్పేది. కలకత్తా దాకా, గౌహతి దాకా వెళ్ళే డ్రైవర్లందరితోనూ ఒకేసారి, ఎవరితో మాట్లాడుతుంటే వాళ్ళొక్కరే ఉన్నట్టుగా మాట్లాడేది. బయల్దేరే ముందు ప్రతి డ్రైవరూ గేటు దగ్గర చిత్రతో రెండు ముక్కలు మాట్లాడాలి. చిత్ర సరేనంటేనే గేటు లేస్తుంది. గుమాస్తాలున్నప్పుడు ఎంతమంది ఎంత అరిచినా కాని పని ఈ పిల్ల గొంతు పెంచకుండా చేయిస్తోందని సత్తిరాజుగారు ఊరంతా చెప్పుకున్నాడు. పెళ్ళికాని డ్రైవర్లు చిత్రకి సినిమా కబుర్లు చెప్పేవాళ్ళు. చిత్ర వినేది కూడా.

అలాంటిది ఒక సీజన్లోనే రెండు లారీలు పల్టీకొట్టాయి. ఒకతనికి కాలు తీసేశారు. రెండో అతను ఇల్లు చేరలేదు. ఇద్దరూ అంతకు కొద్దిసేపటి ముందే చిత్రతో మాట్లాడారు. సుహాసిని ఆ రికార్డు ఇంటికి తెచ్చుకుని, మంచం మీద కూర్చుని మళ్ళీ మళ్ళీ వినడం నాగేంద్రమ్మ చూసింది. ఒక మగ గొంతు, కళ్ళు కొంచెం లాగుతున్నాయి గానీ పర్లేదు మేడమ్ అంటోంది. చిత్ర, సంతోషమండీ, శుభప్రయాణం అంటోంది.

“అతను పర్లేదంటే ఇది నమ్మేసిందా?” అంది నాగేంద్రమ్మ.

“మాటని నమ్ముతుందమ్మా. రోడ్డు గురించి తెలుసు, వాన గురించి తెలుసు, టైరు గాలి గురించి కూడా తెలుసు. మనిషి పర్లేదంటే పర్లేదనే తీసుకుంటుంది.”

“పర్లేదంటే నమ్మేదాన్ని దీన్నొక్కదాన్నే చూశాను. ఏ తల్లి కందే దీన్ని?”

సుహాసిని నవ్వబోయి ఆగిపోయింది. తల్లి మొహంలోకి అలాగే చూస్తూ కూర్చుంది. ఆ చూపు నాగేంద్రమ్మకి నచ్చలేదు. పిల్లకి జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.

ఆ మరుసటి వారమే సుహాసిని ఆమెని బెజవాడ తీసుకెళ్ళింది. చెప్పుల షాపు మీద రెండో అంతస్తులో ఒక గది. ఏసీ హోరెత్తిపోతోంది. ఛాతీ మీద బిళ్ళల్లాంటివి అంటించి, మణికట్టుకి ఒక పట్టీ కట్టి, చెవులకి ఫోన్లు పెట్టారు. ఈ తీగల్లో కరెంటు ఎంతుంటుంది, తడి చేత్తో ముట్టుకుంటే ఏమవుతుంది, ఇంతకుముందు ఎవరైనా పోయారా అని ఆమె అడిగింది. సుహాసినితో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళూ మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు.

ఆ తర్వాత డ్రైవర్ల గొంతులు వినిపించారు. ఒకడు టీ తాగానన్నాడు, ఒకడు లారీ మీద కప్పిన పట్టా తడిసిందన్నాడు. ఇంకొకడు, తిన్నాను మేడమ్, పర్లేదు అన్నాడు. నాగేంద్రమ్మకి గుండె జారినట్టయింది. ఎదురుగా ఉన్న తెర మీద గీత ఒక్కసారి పైకి లేచింది.

“ఇక్కడ ఏమనిపించిందమ్మా?”

అతను భార్యతో గొడవపడ్డాడనీ, అన్నం మీద అలిగాడనీ, ఆవిడ పుట్టింటికెళ్ళిందనీ, ఇతను ఏ కాలవలోకో బండి పోనిస్తాడనీ నాగేంద్రమ్మ చెప్పుకుపోయింది. అతనికి అసలు పెళ్ళే కాలేదు. సుహాసిని ఓపిగ్గా విని, కారణాలు మాకక్కర్లేదమ్మా, అవన్నీ నువ్వల్లుకున్నవే, ఆ ఉలికిపాటు చాలు మాకు అంది. ఏ గొంతు విన్నప్పుడు ఈ గుండె జారుతోందో చిత్రకి చూపిస్తే, ఎందుకు భయపడాలో తెలియకపోయినా ఎక్కడ భయపడాలో పట్టుకుంటుందట. భయం మాటల్లో నేర్పితే రాదు, మనిషి ఒంట్లోంచి తీసుకోవాల్సిందేనట. నాగేంద్రమ్మకి సగం అర్థమైంది. కూతురు తనని కూర్చోబెట్టి తన మాట రాసుకుంటోందన్న సంగతి మాత్రం పూర్తిగా అర్థమైంది.

అలా చాలాసార్లు వెళ్ళింది. ఒకసారి కుర్రాళ్ళలో ఒకడు సరదాకి మధ్యలో రత్నాకర్ ఫోను రికార్డు ఒకటి పెట్టాడు. అమ్మా, కూరలో ఉప్పెక్కువైంది అంటున్నాడు రత్నాకర్ అందులో, అంతే. గీత తెర దాటి పైకి వెళ్ళిపోయింది. అందరూ నవ్వారు. నాగేంద్రమ్మ కూడా సిగ్గుపడి నవ్వింది. తర్వాత పోల్చి చూసుకోవడానికి పనికొస్తుందని వీరభద్రం గొంతూ, సుహాసిని గొంతూ కూడా వినిపించారు. గీత ఆ రెండుసార్లూ అదే పని చేసింది.

మారిన చిత్రని షెడ్డులో పెట్టిన మొదటి రోజుల్లో డ్రైవర్లు బిత్తరపోయారు. గొంతు అదే, మర్యాద అదే. తిన్నానంటే మాత్రం ఇదివరకట్లా ఊరుకోవడం లేదు. ఏం కూర అని అడుగుతోంది. పప్పు అంటే, పప్పన్న చోట ఎందుకు తడబడ్డావంటోంది. నిద్రపోయానంటే ఎక్కడ పడుకున్నావని అడిగి, ఆ మాటన్న తీరు నచ్చకపోతే గేటు లేపడం లేదు. ఏంటిది, మా పిన్ని పూనిందా దీనికి అన్నాడొక శ్రీకాకుళం డ్రైవరు పోలినాయుడు. ఆ పేరు నిలిచిపోయింది. చిత్ర పోయి పిన్నిగారయింది. పిన్నిగారు ఇవాళ నన్ను దింపేసిందిరా అని వాళ్ళలో వాళ్ళు తిట్టుకునేవాళ్ళు, దింపేస్తే చెట్టుకింద చాప వేసుకుని పడుకునేవాళ్ళు. పిన్నిగారి భయాల్లో పదింట తొమ్మిది వట్టివే. పదోది మాత్రం వట్టిది కాదు. ఒకతనికి నిజంగానే బీపీ పెరిగి ఉంది. ఒకతను మాత్ర వేసుకుని మగతలో స్టీరింగు పట్టుకున్నాడు. ఆ ఏడు ఒక్క లారీ పల్టీకొట్టలేదు.

సత్తిరాజుగారు స్వయంగా కొరమేను పట్టుకుని ఇంటికొచ్చాడు. “మీ భయం పుణ్యమా అని మా కుర్రాళ్ళు ఇళ్ళకి చేరుతున్నారు చెల్లెమ్మా” అన్నాడు.

పెళ్ళయిన నాటి నుంచీ ఆ భయాన్ని నలుగురిలో దాచుకోవడమే తప్ప, దాన్ని ఒకరు ఇంటికొచ్చి మెచ్చుకోవడం నాగేంద్రమ్మకి తెలియదు. ఆయన వెళ్ళాక, చూశారా అంది భర్తతో. చూశాను, కొరమేను ముల్లు గుచ్చుకోకుండా చూసుకో అన్నాడు వీరభద్రం.

ఒక ఆదివారం సుహాసిని ఇంటికొచ్చినప్పుడు రత్నాకర్ అన్నం ముందు కూర్చుని పంచాయితీ పెట్టాడు. లారీని షెడ్డులోంచి కాటా దగ్గరికి కదపాలన్నా చిత్ర తనకి గేటు లేపడం లేదట. రోజుకి పదిసార్లు ఫోను చేసి, గొంతు బొంగురుగా ఉంది, ఐసు నీళ్ళలో నిలబడ్డావా అంటోందట. పొద్దున తుమ్మితే ఆ పూటకి పనిలోంచి తీసేసి ఇంకొకణ్ణి పెట్టిందట. అవతల చేప పాడైపోతుంటే సత్తిరాజుగారు తన మీద గుడ్లెర్ర చేస్తున్నాడట.

“ఇంట్లో ఒక అమ్మ, ఆఫీసులో ఒక అమ్మ. నాకు పెళ్ళి కూడా చేసి పెడితే ముగ్గురూ కలిసి నన్ను ఉట్టిలో పెట్టి వేలాడదీస్తారు” అన్నాడు.

వీరభద్రం తనకీ ఫోన్లొస్తున్నాయన్నాడు. తను మాత్రం ఎత్తి, ఊఁ అని, పక్కన పెట్టేసి పనిచేసుకుంటున్నాడట. చాలా ఏళ్ళ అలవాటేగా అన్నాడు.

సుహాసిని కంచంలో వేలితో గీతలు గీస్తూ లెక్కలు చెప్పింది. డ్రైవర్ల మీద అమ్మ భయం పదిలో ఒకటి నిజమవుతోంది, అది చాలా గొప్ప సంగతి. మన ముగ్గురి మీదా మాత్రం అమ్మ భయం ఆకాశంలో ఉంటుంది, అందులో ఇంతవరకూ ఒక్కటీ నిజమైంది లేదు. అంటే అది కబురు కాదు, ఉత్త రొద. మన నలుగురి గొంతులూ విన్నప్పుడు ఆ భయాన్ని పక్కన పెట్టేయమని చిత్రకి చెప్తే సరిపోతుంది. అమ్మ గొంతు కూడా ఎందుకంటే, అమ్మకి తన ఒంటి మీద కూడా భయమే కాబట్టి.

“తీసేయమంటావా అమ్మా?” అంది చివరికి.

నాగేంద్రమ్మ పెరుగు వడ్డిస్తోంది. తన పిచ్చి సత్తిరాజుగారి షెడ్డులో అందరిముందూ బయటపడుతోందని ఆమెకప్పటికే సిగ్గుగా ఉంది.

“తీసేయ్. పరాయివాళ్ళ కోసం అది భయపడుతుంది. మీ కోసం భయపడ్డానికి నేనున్నాగా” అంది.

సుహాసిని ఆ రోజే కూర్చుని తీసేసింది.

తర్వాత జరిగినదాన్ని నాగేంద్రమ్మ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకునేంత వింతగా కూడా అప్పుడు అనిపించలేదు. ఆమెకి మెల్లగా భయం తగ్గింది. ఎవరో తన బదులు పగలూ రాత్రీ మెలకువగా ఉన్నట్టు, ఒక మోతబరువు ఇంకొకళ్ళు అందుకున్నట్టు ఉండేది. మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు పట్టేది. రత్నాకర్ బండి తీస్తుంటే గుమ్మంలోకి రావడం మానేసింది. అలా నిలబడేది ఎందుకో కూడా మర్చిపోయింది. పొరుగావిడ, మీ మొహం తేటపడింది వదినా, ఏం వాడుతున్నారు అంది. నాగేంద్రమ్మ నవ్వేసింది.

కొల్లేరు చుట్టూ చెరువులన్నీ ఒకేసారి పట్టుబడికి వచ్చిన రోజులవి. రత్నాకర్ రెండు రోజులుగా షెడ్డులోనే ఉన్నాడు. మూడో పొద్దున గౌహతి లారీకి లోడు అయ్యాక పోలినాయుడు గేటు దగ్గరికొచ్చి చిత్రతో మాట్లాడాడు. ఒంట్లో బాగానే ఉంది పిన్నిగారూ, పర్లేదు అన్నాడు.

చిత్ర వదల్లేదు. “లేదు నాయనా. నీ గొంతు నాకు బాగా లేదు. ఇవాళ నువ్వు బండెక్కొద్దు” అంది.

చెయ్యి పట్టుకు చూస్తే పోలినాయుడికి జ్వరం కాలిపోతోంది. ఇంకో డ్రైవరు రాజమండ్రిలో ఉన్నాడు. అక్కడిదాకా ఎవరైనా లారీ చేరిస్తే అతను ఎక్కుతాడు. ఐసు కరుగుతోంది. రత్నాకర్‌కి పెద్ద బండి లైసెన్సుంది. తనే తీసుకెళ్తానని గేటు దగ్గరికొచ్చాడు. అక్కణ్ణుంచే ఇంటికి ఫోను చేసి తల్లికి ఆ మాట చెప్పాడు.

నాగేంద్రమ్మ పొరుగావిడతో కూర్చుని చింతకాయలు వొలుస్తోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

“చిత్ర ఏమంది?” అని అడిగింది.

“వెళ్ళమంది.”

“అది వెళ్ళమందంటే ఇంకేం. రావులపాలెం మీంచేగా, వచ్చేటప్పుడు చక్కెరకేళీలు తే.”

తణుకు దాటాక, ఎండ పూట, ఎదర ఖాళీ రోడ్డు మీద లారీ తిన్నగా వెళ్ళి, పక్కన ఆపి ఉన్న ఇసుక లారీని గుద్దింది. బ్రేకు వేసిన ఆనవాలే లేదన్నారు. కబురొచ్చేసరికి నాగేంద్రమ్మ చింతకాయ తొక్కులు పారబోసి చేతులు కడుక్కుంటోంది. ఆ పూటంతా ఆమెకి ఒక్కసారైనా గుండె జారలేదు.

అంతా అయ్యాక ఇంట్లో మాటలు లేకుండా పోయాయి. వచ్చినవాళ్ళు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుని వెళ్ళారు. వీరభద్రం పనికి వెళ్ళడం మొదలుపెట్టాడు. సైకిలు బయటికి తీసి, గుమ్మం దగ్గర ఒక నిమిషం ఆగేవాడు. ఆమె వెనకనుంచి ఏదో ఒకటి అంటుందని చూసేవాడు. ఆమె ఏమీ అనేది కాదు. ఆయన వెళ్ళిపోయేవాడు. జరగాల్సినది జరిగిపోయాక భయపడ్డానికి ఆమెకి ఏమీ మిగల్లేదు. ఒకప్పుడు గుండెల్లో ఎప్పుడూ కొట్టుకుంటూ ఉండేదేదో, ఇప్పుడు తడిమి చూసుకుంటే లేదు.

పోలినాయుడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చిందట. లోపలికి రాకుండా గడప మీద చెయ్యిపెట్టి మొక్కుకుంది. పోలినాయుడు ఏడుస్తూ, నేనెక్కాల్సిన బండి అమ్మా అది అన్నాడు. జ్వరం తగ్గి మొహం నిండుగా ఉంది. నువ్వెందుకు మిగిలావురా అనుకుంది నాగేంద్రమ్మ. అనుకున్నందుకు భయమేస్తుందేమోనని చూసుకుంది. వెయ్యలేదు. ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి పంపించింది.

సత్తిరాజుగారు వచ్చి, మీరు ఊఁ అంటే చిత్రని తీయించేస్తాను చెల్లెమ్మా అన్నాడు. ఆమె మంచినీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన కాసేపు కూర్చుని, మిగతా కుర్రాళ్ళందరూ దాని మీదే ఆధారపడ్డారని గొణిగి, లేచి వెళ్ళాడు. చిత్ర ఉండిపోయింది. లారీలు వెళ్తున్నాయి, తిరిగొస్తున్నాయి. రోడ్డు మీద వెళ్తున్న ఏ డ్రైవరు ఫోనులోనో తన భయం, ఏం కూర తిన్నావు నాయనా అని అడుగుతూనే ఉందని ఆమెకి తెలుసు.

సుహాసిని పదకొండో రోజు దాకా ఇంట్లో ఉంది. తమ్ముడి చొక్కాలు మడతపెట్టింది. వచ్చినవాళ్ళకి కాఫీలిచ్చింది. ఒక్క మాట మాట్లాడలేదు. పిలిస్తే చూసేది. పన్నెండో రోజు పొద్దున బస్సెక్కి బెజవాడ వెళ్ళిపోయింది. తర్వాత ఫోను చేస్తే ఎత్తేది. ఎత్తి వినేది. ఇటువైపు నుంచి నాగేంద్రమ్మ, అన్నం తింటున్నావా అని అడగబోయి ఆగేది. అటువైపు శ్వాస వినపడేది. కాసేపటికి ఎవరో ఒకరు పెట్టేసేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం, వీరభద్రం లేనప్పుడు, నాగేంద్రమ్మ చిత్రకి ఫోను చేసింది. ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు.

“నమస్కారం నాగేంద్రమ్మగారూ, చెప్పండి” అంది చిత్ర.

“ఒంట్లో బాగోలేదమ్మా. రెండు రోజులై నిద్ర లేదు. గుండెల్లో ఎలాగో ఉంటోంది” అంది. ఒక్క క్షణం ఆగి, “పర్లేదులే” అంది.

“పర్లేదంటే సంతోషమండీ. ఇంకేమైనా సాయం కావాలా?”

నాగేంద్రమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. కొడుకు గేటు దగ్గర నిలబడి విన్నది ఇదే. ఇంత తియ్యగా, ఇంత మర్యాదగా విన్నాడు. వెళ్ళమందని తనతో చెప్పినప్పుడు, వెళ్ళమనడానికి దాని దగ్గర ఏముందని తను అడగలేదు. ఆదివారం పెరుగు వడ్డిస్తూ తీసేయమన్నది తనేనన్న సంగతి ఆ రోజు గుర్తే రాలేదు. చింతకాయలు వొలుస్తూ, ఊరందరి కోసం భయపడే చిత్ర తన కొడుకు కోసం కూడా భయపడే ఉంటుందనుకుంది.

మర్నాడు భర్తకి అన్నం మూతపెట్టి బెజవాడ బస్సెక్కింది.

చెప్పుల షాపు తెరిచే ఉంది. పై గదిలో కుర్రాళ్ళిద్దరూ ఆమెని చూసి లేచి, ఏదో పనున్నట్టు కిందికి వెళ్ళిపోయారు. సుహాసిని తెర ముందు కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. జడ వేసుకోలేదు. తల్లిని చూసి ఆశ్చర్యపోలేదు, లేవలేదు. ఏసీ అలాగే హోరుమంటోంది.

నాగేంద్రమ్మ ఆమె పక్కన స్టూలు మీద కూర్చుంది. తెర మీద గీతలున్నాయి. ఒకదాని కింద ఒకటి, చాలా ఉన్నాయి. వాటి అర్థం ఆమెకి తెలియదు గానీ ఆ గీతలు ఎవరివో తెలుసు, ఒకప్పుడు తన ఛాతీ మీంచి లేచినవి. ప్రతిదాని పక్కనా చిన్న గుర్తు ఉంది, నొక్కితే గొంతు వినిపించేది. అన్నిటికన్నా కింద, గీత లేకుండా ఒక్క గుర్తే ఉంది, ఆమె దాన్ని వేలితో చూపించింది. సుహాసిని ఆ వేలినే చూస్తూ ఉండిపోయి, చివరికి నొక్కింది.

“రెండ్రోజుల్నించి నిద్ర లేదు గానీ పర్లేదు చిత్రా. రాజమండ్రి దాకానేగా” అన్నాడు రత్నాకర్.

“సరే రత్నాకర్ గారూ. శుభప్రయాణం.”

గేటు లేచిన చప్పుడు కూడా వినపడింది. వెంటనే, తల్లికి ఫోను కలుపుతూ వాడు ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. అక్కడితో రికార్డు ఆగిపోయింది.

నాగేంద్రమ్మకి మళ్ళీ పెట్టమని అడగాలనిపించింది. అడగలేదు. వచ్చేటప్పుడు బస్సులో అంతసేపూ తిప్పుకుంటూ వచ్చిన మాట ఒకటుంది. అది అడగడానికే వచ్చింది. అడిగాక తను ఎలా బతుకుతుందో తెలియదు, అడక్కపోతే ఎలా బతుకుతుందో అది కూడా తెలియదు.

“నువ్వు మళ్ళీ పెట్టి చూశావు కదే. నా భయం తీసేయకుండా, ఉన్నది ఉన్నట్టుంచి, ఆ రోజు వాడన్న మాట దానికి వినిపించి చూశావు. నాకు తెలుసు నీ సంగతి, చూడకుండా ఉండలేవు” అంది.

సుహాసిని చెయ్యి వెనక్కి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“చెప్పు. అది ఆపేదా?”

కింద షాపులో ఎవరో జోళ్ళు నేలకేసి కొట్టి చూస్తున్నారు. కుర్రాళ్ళలో ఒకడు పైకొచ్చి, తలుపు సగం తీసి, మళ్ళీ మూసేసి వెళ్ళాడు. కిటికీ అద్దం మీద ఎండ ఒక చివర నుంచి ఇంకో చివరకి జరిగింది. నాగేంద్రమ్మ ఇంకోసారి అడగలేదు. పిల్లకి మొదటి మాట వచ్చిన రోజుల్లో ఎలా మొహంలోకి చూస్తూ కూర్చునేదో అలా కూర్చుంది. ఆపేదంటే తనూ, ఈ పిల్లా కలిసి వాణ్ణి చంపుకున్నట్టు. ఆపేది కాదంటే తన బతుకంతా పడ్డ భయం ఎందుకూ కొరగానిది. రెంటిలో ఏది వినాలనుందో ఆమె తనని తాను అడుక్కుంది. తేల్చుకోలేకపోయింది.

సుహాసిని పెదవులు కదిలాయి. చాలా రోజులు వాడని గొంతు కావడం వల్ల మొదట గాలే వచ్చింది.

“ఆపేదమ్మా” అంది.

నాగేంద్రమ్మ కళ్ళు మూసుకుంది.

“ఆ ఒక్క రోజే కాదు. చిత్ర షెడ్డుకొచ్చిన దగ్గర్నుంచి వాడి ఫోన్లన్నీ పెట్టి చూశాను. అన్ని రోజులూ ఆపేసింది. నవ్వుతూ మాట్లాడిన రోజూ ఆపింది, నిండా నిద్రపోయి వచ్చిన రోజూ ఆపింది. ఆ రోజుకీ మిగతా రోజులకీ దానికి ఏ తేడా కనపడలేదమ్మా.”